మొండెం ఒకరిది, తల ఒకరిది

ఈ హెడ్ కూడా ఇంజన్ మీద కూర్చోలేదు.

మెకానిక్ మహేందర్ దాన్ని ఎత్తి పక్కన పడేశాడు. ఇది మూడోది. వరంగల్ స్క్రాప్ షాపులన్నీ జల్లెడ పట్టి తెచ్చాడు. ఒకదానికి బోల్టులు కలవలేదు. ఒకదానికి సన్నటి పగులు. దీనికైతే కొలతలే వేరు.

షెడ్డు గుమ్మంలో కూర్చుని సక్రి చూస్తోంది. గూడూరు దగ్గర తండా ఆమెది. కారు ఆమె భర్త రాంజీది. పోయిన వానాకాలం ఓ సాయంత్రం ఇంజన్ వేడెక్కి హెడ్ పగిలింది. రాంజీ కారు పక్కకు ఆపి, నీళ్ళ డబ్బా పట్టుకుని రోడ్డు దాటుతుంటే ఏదో బండి గుద్దేసి ఆగకుండా పోయింది. ఏ బండో ఇప్పటికీ తెలియదు.

కారు నడిస్తే తమ్ముడు కిరాయికి తిప్పుతాడు, ఇల్లు గడుస్తుందని సక్రి అందరికీ చెప్పింది. జనగామలో అడిగింది, భూపాలపల్లిలో అడిగింది. మానుకోటలో ఒక్క షెడ్డూ వదల్లేదు. ఈ మోడల్‌కు హెడ్ దొరకదు, తూకానికి అమ్ముకొమ్మన్నారు అందరూ. తండాలో ఆమెకు పిచ్చి పట్టిందన్నారు. అలా ఏడాది తిరిగి, చివరికి మహేందర్ దగ్గరికి వచ్చింది. అతడూ మొదట తనవల్ల కాదన్నాడు. ఆమె మాత్రం కదల్లేదు. షెడ్డులో విప్పి పెట్టిన ఇంజన్లను చూస్తూ అక్కడే కూర్చుంది. ఏమనుకున్నాడో, మర్నాడు అతడే ట్రాలీ పంపి కారు తెప్పించాడు. కూలీ కూడా వద్దన్నాడు.

కారు వచ్చిన రోజు నుంచే మహేందర్‌కు ఆ చప్పుడు మళ్ళీ మొదలైంది. ధబ్. ఒక్కటే. ఇంజన్ క్రాంకు చేత్తో తిప్పితే వినిపిస్తుంది. తిప్పడం ఆపినా వినిపిస్తుంది. అన్నం ముందు కూర్చుంటే కంచం పక్కనే వినిపిస్తుంది. హెడ్ కింది బ్లాకు మొత్తం విప్పి చూశాడు. బేరింగులు బంగారంలా ఉన్నాయి. డిక్కీలో సొట్టపడ్డ నీళ్ళ డబ్బా ఒకటి కనబడింది. దాన్ని చూడలేక మీద గోనె సంచి కప్పాడు.

సక్రి రోజూ పొద్దున్నే వచ్చి కూర్చునేది. ఆమె చూపు చేతుల మీద పడితే అతడి పానా జారిపోయేది. ఈ ఇంజన్ ఒక్కసారి స్టార్టయితే చాలు, ఆ చప్పుడు తనను వదిలిపోతుందని మహేందర్ ఆశ. ఆ ఆశ పట్టుకునే పని చేస్తున్నాడు.

"గా బండి హెడ్ పనికిరాదా అన్నా?" సక్రి షెడ్డు వెనక్కి వేలు చూపింది.

అక్కడ టార్పాలిన్ కింద మహేందర్ సొంత కారు ఉంది. అదే కంపెనీ, తర్వాతి మోడల్.

"అది... నాది చెల్లె."

"ఎర్కే. నడుపుతలేవు గద."

మహేందర్ రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగాడు. మూడో రోజు టార్పాలిన్ కిందికి దూరి హెడ్ విప్పుకొచ్చి బ్లాకు మీద పెట్టాడు. పది బోల్టులూ పది రంధ్రాల్లోకి దిగిపోయాయి. చచ్చినవాడు పట్టుబట్టి అడిగి తీసుకున్నట్టు అతడికి అనిపించింది.

ఇక పని ఆగలేదు. బ్లాకుకు ఏడు నీళ్ళ దారులు, హెడ్‌కు అయిదే. ఎక్కువైన రెండింటినీ ఇత్తడి ముక్కలు కొట్టి మూశాడు. రెంటి మధ్య వేసే గ్యాస్కెట్ చేత్తో కోశాడు. బోల్టులు నడుమ నుంచి చివరలకు బిగించుకుంటూ పోయాడు. బిగించిన ప్రతిదాని మీదా, పక్కనున్న ఇనుము మీదికి కలిపి, ఒక ఎర్ర రంగు గీత గీశాడు. గీత తెగితే బిగువు వదిలినట్టు. అది ఉస్తాద్ నేర్పిన పద్ధతి. ఆయన పోయాక ఈ చుట్టుపక్కల అలా గీసేది మహేందర్ ఒక్కడే.

ఎదురు హోటల్ సత్తెమ్మ చాయ్ తెచ్చి, చూసి, ముక్కున వేలేసుకుంది.

"మొండెం ఒకనిదాయె, తలకాయ ఒకనిదాయె. గిది ఇంజనా, దయ్యమా బిడ్డా?"

సక్రి నవ్వలేదు. మహేందర్ చాయ్ గ్లాసు పక్కన పెట్టి పానా అందుకున్నాడు.

మధ్యాహ్నానికి ఆ దయ్యం స్టార్టయింది. మొదట దగ్గింది. నల్లటి పొగ కక్కింది. తర్వాత బుద్ధిగా కుదురుకుంది. మహేందర్ చెవి ఒగ్గి విన్నాడు. ధబ్ లేదు. ఇంకాసేపు విన్నాడు. లేదు. ఎన్నాళ్ళకో గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంజన్ ఆపాడు.

సక్రి లేచి వచ్చి హెడ్ మీదికి వంగింది. "గిదేందన్నా, గుడ్డ కుక్కినవ్?"

"ఆయిల్ పోసే కాడ మూత లేదు చెల్లె. ఎన్నడో ఆయిల్ పోసి, మూత బ్యాటరీ మీద పెట్టి, బిగించుడు మర్చి బానెట్ ఏసిన. తొవ్వల యాడనో పడ్డది. మెకానిక్కులం అందరం జేసే తప్పే గిది." మహేందర్ తేలిగ్గా నవ్వాడు. ఆమె ముందు నవ్వడం అదే మొదలు. "రేపు కొత్తది తెస్త తియ్యి."

సక్రి గుడ్డ లాగేసింది. రంధ్రం అంచు దాకా వచ్చి ఆగిపోయిన పాత ఎర్ర గీతను వేలితో తడిమింది.

తర్వాత నడుముకున్న సంచి విప్పి ఒక నల్లటి మూత తీసింది. దాని మీదా ఒక ఎర్ర గీత ముక్క ఉంది. మూత పెట్టి తిప్పింది. బిగుసుకునేసరికి రెండు ముక్కలూ కలిసి ఒకే గీత అయ్యాయి.

"నేను ఏడాది సంది షెడ్డు షెడ్డు తిరిగింది హెడ్ కోసం కాదన్నా, రాంజీ పడ్డ కాడ దొరికిన గీ మూత ఏ బండిదో ఎరుక జేసుకుందామని."