అంచుదాకా పోసిన టీ

నరీన్ పట్టణం దాటాక ఆ కొండమలుపులో ఉన్నది సాపర్, బెర్మెత్‌ల ఇల్లొక్కటే. చీకటిపడింది, బయట మంచు కురుస్తోంది. టీవీలో ఇన్‌స్పెక్టర్ ఇస్కాక్ ఒక హంతకుణ్ణి ప్రశ్నిస్తున్నాడు. ఆ సీరియల్‌ని భార్యాభర్తలు మొదటినుంచి చూడటం ఇది నాలుగోసారి.

“కట్టుకున్నదాన్ని గాలికొదిలేసి హంతకుల వెంట తిరిగేవాడూ ఒక మగాడేనా?” అన్నాడు సాపర్.

“ఎదుటిమనిషి చెప్పేది చివరిదాకా వింటాడు. నువ్వెప్పుడైనా విన్నావా?” అంది బెర్మెత్, తెరమీంచి చూపు తిప్పకుండా.

సాపర్‌కి ఒళ్ళు మండింది. “వాడే మనింటికొస్తే గుక్కెడు గుక్కెడు టీ పోస్తూ తెల్లారేదాకా కూర్చోబెట్టుకుంటావే!”

“మరి, గిన్నె నిండా పోసి వెళ్ళిపొమ్మంటానా?” అని నవ్వింది. ఆ కొండల్లో అతిథికి గిన్నె నిండా టీ పోస్తే, ఇక బయల్దేరమని అర్థం.

అప్పుడు గమనించాడు సాపర్. ఈ ఘట్టంలో ఇస్కాక్ ఎప్పుడూ గాజుగ్లాసులో టీ తాగేవాడు. ఇవాళ అతని చేతిలో అంచు విరిగిన నీలిపూల గిన్నె ఉంది. సాపర్ అలమరా వైపు చూశాడు. ఆరు నీలిపూల గిన్నెల్లో, తన చేతిలోదాన్ని కలుపుకున్నా ఐదే ఉన్నాయి.

“ఏమే, మన గిన్నె...”

బెర్మెత్ కెటిల్ తీసుకుని లేచింది. టీవీలో మాటలు ఆగిపోయాయి. ఆమె తెరకి అడ్డంగా వంగింది. గుక్కెడు టీ పడిన చప్పుడు వినిపించి, ఆగింది.

తర్వాత వచ్చి సాపర్ గిన్నెలో పోయసాగింది. సగం దాటినా చెయ్యి ఆపలేదు. టీ అంచుదాకా వచ్చి, పొర్లి అతని వేళ్ళని కాల్చింది.

“తాగండి సాపర్‌గారూ,” అన్నాడు ఇస్కాక్, తెరలోంచి. “తొందరేం లేదు. మేం ఆగుతాం.”