ఫ్రెంచ్ మేడమ్

"ఎత్తిన్రు! చెల్లె, జల్ది మాట్లాడు!"

స్వప్న ఫోన్‌ను సృజన చేతిలో కుక్కింది.

సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు ఆగిపోయాక స్వప్న భర్త సాగర్ బిల్డింగ్ పనికి అల్జీరియా వెళ్లాడు. అక్కడ కంపెనీవాళ్లు పాస్‌పోర్టు గుంజుకున్నారు. ఫోన్ కూడా లాక్కున్నారు. ఇంటికి అతని గొంతు వినబడి నెలలైంది. మిగిలింది ఆ ఆఫీసు నంబరొక్కటే. అక్కడ ఎత్తేవాళ్లకు ఫ్రెంచ్ తప్ప రాదు.

పక్కింటి సృజన హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చింది. ఫ్రెంచ్ ఆమెకో సబ్జెక్టు. ఇంగ్లీష్ సామెతలకు సరిపోయే ఫ్రెంచ్ సామెతలు వెతకడం సెలవుల్లో ఆమెకిచ్చిన పని.

"ఇక్కడికి ఫోన్ చేయొద్దు," అంది అవతలి ఆడగొంతు, ఫ్రెంచ్‌లో, విసుగ్గా.

 సృజన నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. గుర్తొచ్చింది ఒక్కటే, ఓపిక గురించిన ఓ ఇంగ్లీష్ సామెత. దాన్నే మాటకు మాట ఫ్రెంచ్‌లోకి మార్చి అనేసింది.



అవతల పకపకా నవ్వు!

"అలా అంటే ఎవరికీ అర్థం కాదమ్మాయ్. మేమేమంటామో విను," అంటూ అసలు ఫ్రెంచ్ సామెత చెప్పింది.

"ఏమన్నదే? ఏమన్నది?" స్వప్న ఆమె భుజం పట్టి ఊపేస్తోంది.

"నవ్వుతున్నదక్కా! మేనేజరే అయ్యుంటది!"

మర్నాడు మళ్లీ చేశారు. సృజన ఇంగ్లీష్ సామెతను ఫ్రెంచ్ మాటల్లో విసిరితే ఆమె ఠక్కున ఫ్రెంచ్ జోడీ అందించింది. తట్టనప్పుడు, "ఉండు ఉండు, చెప్పకు!" అని చిన్నపిల్లలా అరిచింది.

ఆ ఊపులోనే సృజన అడిగేసింది. "మేడమ్, మా సాగర్ ఎలా ఉన్నాడు?"

నవ్వు ఆగింది.

"రేపు ఇదే వేళకు చేయి."

చేశారు.

"స్వప్నా..." అన్నాడు సాగర్.

స్వప్న చాప మీద కూలబడి ఏడుస్తూ నవ్వింది.

వారం తిరగకముందే ఎంబసీ నుంచి కబురు. సాగర్ వస్తున్నాడు!

అతను దిగిన రోజు వాడకట్టంతా ఇంటి ముందే ఉంది.

"బావా, ముందుగాల మేడమ్‌కు చెప్దాం! గంత మంచి మేనేజర్‌ను నేనెక్కడ సూడలే!" సృజన ఎగురుతూ నంబరు కొట్టింది.

ఓ మగగొంతు కసిరి పెట్టేసింది.

"ఇగ ఆమె ఎత్తది," అన్నాడు సాగర్.

"ఏమైంది?"

"దొంగతనంగ బీరువ తెరిచి నా పాస్‌పోర్టు చేతిల వెట్టింది. నువ్వు గూడ రా అని చెయ్యి గుంజిన. రాలే. వాళ్లొస్తున్నరు, ఉరుకు అన్నది. సీద ఎంబసీకి ఉరికిన."

"మేనేజర్‌కు భయమేంది బావా?"

సాగర్ తల దించుకున్నాడు.

"మేనేజర్ కాదు సృజనా, ఆఫీసు ఊడ్సేది. సార్లు లేనప్పుడు ఫోనెత్తేది. ఆఫ్రికల ఇంకో దేశం నుంచి మాలెక్కనే పనికచ్చింది. ఆమె పాస్‌పోర్టు గూడ గా బీరువలనే ఉండె, నాది దొరికినంక ఆమెది దేవులాడుకునే టైం లేకుండె."