పాత సైలెన్సర్

"రెండు వారాలా? కుదరదమ్మాయ్. రెండు రోజులే నాకు గగనం," అన్నాడు ఆల్విన్, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంటూ.

ట్రూడీ చేతికంటిన ఆయిల్‌ని గుడ్డతో తుడుచుకుంది. విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊళ్ళో రిపేరు షాపు కొనుక్కుని ఆమె వచ్చి మూడు నెలలే అయింది. ఊళ్ళో సగం మంది పేర్లు ఇంకా తెలీవు గానీ, వాళ్ళ ఇంజన్ల జబ్బులు మాత్రం కంఠతా వచ్చు. ఆల్విన్‌ది కూర్చుని తోలుతూ గడ్డి కోసే ఎర్ర మోవర్. డాక్టరు డ్రైవింగ్ వద్దన్నాక రెండేళ్ళ క్రితం ఆయన కారు అమ్మేశాడు. అందుకని ఆ ఉదయం పక్కింటాయనే మోవర్ని ట్రెయిలర్ మీద, ఆల్విన్‌ని ముందు సీట్లో ఎక్కించుకొచ్చి దింపిపోయాడు.

"చూడండి పెద్దాయనా, నీలం పొగ వస్తోంది. సిలిండర్ అరిగిపోయింది. దాన్ని లోపల తొలిచి బోరింగ్ చేయించాలంటే బయటికి పంపాలి, రెండు వారాలు. కొత్త ఇంజన్ అయితే రేపు మధ్యాహ్నానికి బిగించేస్తా. ఖర్చు ఇంచుమించు ఒకటే."

"కొత్తది వద్దు."

"ఎందుకొద్దు?"

"చప్పుడు మారిపోతుంది."

ట్రూడీకి నవ్వొచ్చింది. "చప్పుడు మారితే గడ్డేమన్నా అలుగుతుందా?"

"గడ్డి సంగతి నాకు తెలీదు. ఇర్మాతోనే నా బాధంతా."

ఇర్మా ఆయన భార్య. ఈ మధ్య ఎవరు పిలిచినా పలకడం లేదట. ఎదురుగా నిలబడినా ఎవరో కొత్తవాళ్ళన్నట్టు చూస్తుందట. ఈ బండి చప్పుడు మాత్రం ఆమడ దూరం నుంచే పసిగట్టి, లేచి కిటికీ దగ్గరికి వస్తుందట.

"చెయ్యూపుతుంది. ఆ రోజుకి నాకది చాలు," అన్నాడు ఆల్విన్. "కొత్త చప్పుడు విని లేవకపోతే ఏం చెయ్యను? అలాగని రెండు వారాలు ఇది వినపడకపోయినా మరిచిపోతుందేమో."

ట్రూడీకి పాపం అనిపించింది. వంటింటి కిటికీ, దాని కింద గడ్డి కోసుకుంటూ ముసలాయన, లోపల్నుంచి చూసే ముసలావిడ కళ్ళ ముందు మెదిలారు. తన మొగుడు గడ్డి కోస్తే కిటికీ మూసేసుకునేది తను. పెళ్ళి పెటాకులైందంటే అవదూ మరి.

ఆమె వంగి, ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో చూపే మీటరు చూసింది. "పద్నాలుగు వందల గంటలా! ఎన్ని ఎకరాలేంటి మీకు?"

"రోజూ పదింటికల్లా బయల్దేరతా. ఆదివారం కూడా."

"ఆదివారం కూడానా? దాన్ని కాస్త ఊపిరి తీసుకోనివ్వండి."

ఆల్విన్ నవ్వేశాడు.

మోవర్ని జాకీ మీద లేపి చూస్తే కింద బ్లేళ్ళు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఎప్పటికప్పుడు మారుస్తున్నాడన్నమాట, మనిషంటే ఇలా ఉండాలి అనుకుంది ట్రూడీ. టైర్లు మాత్రం అరిగి గుండు గీసినట్టున్నాయి. స్థలమంతా రాళ్ళేమో అనుకుంది. అప్పుడు ఆమె కన్ను సైలెన్సర్ మీద పడింది. తుప్పు పట్టి, ఒక పక్క సొట్టపడి ఉంది.

"పెద్దాయనా, మీ ఆవిడ గుర్తుపట్టేది ఇంజన్ని కాదు, దీన్ని," అంది దాని మీద తట్టి. "కొత్త ఇంజన్‌కి ఈ పాత సైలెన్సరే పెడతా. బోల్టులు కుదరకపోతే వెల్డింగ్ చేసైనా పెడతా."

"అదే చప్పుడు వస్తుందా?"

"రాకపోతే పైసా ఇవ్వొద్దు."

మర్నాడు మధ్యాహ్నం ఆల్విన్ నడుచుకుంటూ వచ్చాడు. ట్రూడీ తాళం తిప్పింది. ఆయన కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి చాలాసేపు విన్నాడు.

"ఇదే," అన్నాడు చివరికి. "సొట్ట దగ్గర వచ్చే ఆ గురకతో సహా ఇదే."

"ట్రెయిలర్ మీద దింపనా?"

"నడుస్తోందిగా, ఇంకెందుకూ?" అని సీటెక్కి, టోపీ సర్దుకుని రోడ్డు పక్కగా పోయాడు. ఆ రోజంతా ట్రూడీ కూనిరాగం తీస్తూనే పనిచేసింది.

మరుసటి రోజు పదిన్నరకి ఆమెకు ఊరి అవతలున్న వృద్ధాశ్రమంలో పని పడింది. అక్కడి జనరేటర్ మొరాయిస్తోందట. ఆవరణలో ఎక్కడ చూసినా కార్లే. ఒక్క ఖాళీ దొరికిందనుకుని తన బండిని అటు తిప్పబోయి, గబుక్కున బ్రేకు తొక్కింది.

రెండు కార్ల నడుమ, ఆశ్రమం కిటికీకి ఎదురుగా, పార్కింగ్ గీత దాటకుండా, ఆల్విన్ మోవర్ ఆగి ఉంది.