బాలమ్మ చూసిన వంతెన

“బండి నిలుపు రఫీకూ,” అంది బాలమ్మ.

గోస్పాడు దగ్గర వరినాట్లు వేసి, ఆళ్లగడ్డ పక్కనున్న తమ ఊరికి పోతున్న ఆడకూలీలంతా ఆటోలోంచి తలలు బయటపెట్టారు. వాన తగ్గింది గానీ వాగు రోడ్డెక్కింది. మలుపు అవతలున్న వంతెన ఇక్కడికి కనబడదు.

“పోనీ అన్నా. పాపకు పాలియ్యల్ల,” అంది షాలిని. నెలల బిడ్డను అత్త దగ్గర వదిలి పనికొచ్చిన పిల్ల.

ముఠాకు పెద్ద బాలమ్మే. మడిలో దిగాలన్నా, గట్టెక్కాలన్నా ఆమె మాటే మాట. చీర ఎగదోపి ఒక్కతే మలుపు దాకా నడిచింది. వంతెన ఉంది. దాని మీద నీళ్లు మోకాటి లోతున ఉరుకుతున్నాయి. బాలమ్మకు భయం వేసింది. వంతెన ఉందని తెలిస్తే ఈ తల్లులను ఆపడం తన వల్ల కాదు.

తిరిగొచ్చి, “వంతెన కొట్టుకపోయింది. అందరూ దిగండి, రోడ్డు పక్కన బడి వరండాలో కూచుందాం,” అంది.

షాలిని మొగుడికి ఫోన్ కలిపింది. “వంతెన పోయిందంట. పాప ఏడుస్తాందా?” అని అడిగింది. జవాబు వినేలోగా సిగ్నల్ పోయింది.

“నీ కొడుకు ట్రాక్టర్ తెస్తాడేమో, అత్తా,” అంది బాలమ్మతో.

“సామ్యేలా? వంతెన లేకుంటే యాడనుంచి వస్తాడు? రాడు. ఒక పూట ఏడిస్తే నీ బిడ్డకేం గాదు, కూచో.”

రాతిగుండె, అని వెనక ఎవరో గొణిగారు. బాలమ్మ విననట్టే ఉండిపోయింది. తిట్టుకుంటే తిట్టుకోనీ, అందరూ ప్రాణాలతో ఉన్నారు కదా అనుకుంది. అంత దిగుల్లోనూ ఆమెకు కొంచెం గర్వంగానే ఉంది.

పొద్దుగుంకే ముందు నీళ్లు దిగాయి. మలుపు దాటి ఎవరో నడిచొస్తున్నారు. షాలిని మొగుడు అజయ్ కుమార్. షాలిని ఎదురు పరుగెత్తింది.

“పాప బాగుంది,” అన్నాడు గానీ ఆమె వైపు చూడలేదు. నేరుగా వచ్చి బాలమ్మ ముందు నిలబడ్డాడు. మోకాళ్ల దాకా బురద.

“వంతెన మీదనే నడిచొచ్చినా, అత్తా. అది ఆడనే ఉండాది.”

బాలమ్మ తల వంచుకుంది.

“ఉందని తెలిసుంటే నీళ్లు దిగేదాకా ఆగుంటిమి. అది పోయిందంటిరి గదా. అమ్మను ఎట్లన్నా తేవల్లని సామ్యేలు వాగు దాటనీకి కింది రేవులో ట్రాక్టర్ దించినాడు.”

“యాడుండాడు వాడు?”

“ట్రాక్టర్ ఒక్కటే దొరికింది, అత్తా.”