ఊరందరి జేబుల్లో తాళంచెవి

“తాళం అంటే అణచివేత. తాళంచెవి అంటే మగవాడి పెత్తనం. గైడులో ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ సొంత పైత్యమంతా సీటొచ్చాక చూసుకుందువుగాని,” అంది అక్క.

చెల్లెలు చేతిలో పుస్తకాన్ని బల్ల మీద పడేసింది. “ఆ గైడు రాసినాయన కవిత చదవలేదే. చదివుంటే అలా రాసేవాడు కాదు.”

లైబ్రరీ హాలు అది. ఇంట్లో పొద్దుటి నుంచి కరెంటు లేదు. కిటికీ లేని వాళ్ల గదిలో, చీకట్లో, ఇద్దరికీ వాదన సాగదు. అందుకే ఇక్కడికొచ్చి పడ్డారు. ఇంకాసేపట్లో పక్కవీధి కాలేజీలో చెల్లెలికి ఇంటర్వ్యూ. కాలేజీవాళ్లు ముందుగా పంపిన ఒక కవితను విప్పి చెప్పాలి. నచ్చితే ఎమ్మే సీటు. నచ్చకపోతే పిన్ని కుట్టుకొట్లో చొక్కాలకు గుండీలు కుట్టుకోవాలి. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చని వాళ్లే చెప్పారు.

కవిత చిన్నదే.

‘నా గొంతుకు తాళం ఉంది.
తాళంచెవి ఊరందరి జేబుల్లో ఉంది.
ఎవరూ తియ్యలేదు.
నేను మాట్లాడుతూనే ఉన్నాను.’

“ఇదేం తిరకాసు? తాళం తియ్యకుండా మాట్లాడేదెలా?” అంది అక్క.

“అక్కడే ఉంది అసలు సంగతి. తాళం ఉందంది గానీ, వేసి ఉందని ఎక్కడైనా అందా? వేసి ఉందని ఊరు అనుకుంది. పాపం, తనే తియ్యాలని ప్రతివాడూ ఆ బరువు జేబులో వేసుకు తిరుగుతున్నాడు. ఒక్కడూ దగ్గరికొచ్చి చూడలేదు.”

“మెల్లగా. ఆవేశమొస్తే నీ మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. నాకే అందవు.”

చెల్లెలి ముఖం వెలిగిపోతోంది. కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడింది. ‘నిశ్శబ్దం’ అన్న బోర్డు కింద లైబ్రేరియన్ పేపరు చదువుకుంటున్నాడు. తలెత్తలేదు.

“సరే, మరి కవితలో ఆవిడెవరు? పేరైనా చెప్పుకోలేదే?” అక్క వదల్లేదు.

“పేరు చెబితే ఫలానావాడి కూతురు, ఫలానావాడి పెళ్లాం అని చుట్టరికాలు తీస్తారు. మాట్లాడుతూనే ఉన్నానంటోంది చూడు, అదే ఆవిడ. అంతకు మించి వేరే గుర్తింపు ఎందుకు?”

అక్క కవితను మళ్లీ చదువుకుంది. “బాగానే ఉంది. కానీ ఇంటర్వ్యూ చేసే ఆ ముగ్గురు మాస్టార్లూ పాతకాలం వాళ్లు. గైడు దాటితే ఒప్పుకోరు.”

“ఒప్పుకోకపోతే గుండీలు కుట్టుకుంటా. లోపలికి నువ్వూ వస్తున్నావు కాబట్టి ముందే చెప్తున్నా. నేనొకటి అంటే నువ్వొకటి కలపకు.”

“నీ మంచికేగా కలిపేది. చిన్నప్పుడు బళ్లో నేను కలపబట్టే నిన్ను చేర్చుకున్నారు.”

“అప్పుడు పసిదాన్ని. ఇప్పుడు ఒక్కసారి నీ జేబు కూడా తడుముకో అక్కా.”

మనసు చివుక్కుమని అక్క కళ్లు గట్టిగా మూసుకుంది. ఆమె కళ్లు మూసుకుందంటే ఇక వాదన ముగిసినట్టే. చెల్లెలు భుజం పట్టి కుదిపింది, మోచేతి మీద గిల్లింది. అక్క ఉలిక్కిపడి చూడగానే, “మాటివ్వు,” అంది.

అక్క మాటివ్వలేదు. టైమయిందని బ్యాగు తగిలించుకుంది.

ఇంటర్వ్యూ గదిలో మధ్య కుర్చీలోని మాస్టారు కళ్లజోడు సవరించుకుని, “ఈ తాళం దేనికి సంకేతమమ్మా?” అని అడిగాడు.

చెల్లెలు తడబడలేదు. తాళం ఎప్పుడూ పడలేదనీ, అది ఊరి భ్రమనీ, అందరి జేబుల్లో ఉన్నది ఉత్త బరువేననీ చెప్పుకుపోయింది. చెప్పే కొద్దీ ఆమెలో హుషారు పెరిగింది. పూర్తయ్యాక అక్క వైపు చూసింది. ముగ్గురు మాస్టార్లూ అక్క వైపే చూశారు.

అక్కకు గైడు మొత్తం కంఠతా వచ్చు. ఒక్క క్షణం పెదవి కొరుక్కుంది.

ఆ తర్వాత, చెల్లెలి చేతులు సైగలతో చెప్పినదంతా ఒక్క ముక్క మార్చకుండా పైకి వినిపించింది.