దెయ్యం దడుచుకున్న కేక

“ఇంకోసారి అక్కా!” అన్నాడు దర్శకుడు.

అది పద్దెనిమిదో టేకు.

మైకు ముందున్న డబ్బింగ్ కళాకారిణికి గొంతు బొంగురుపోతోంది. స్టూడియోలో అందరూ ఆమెను కేకలక్క అంటారు. పదకొండేళ్లుగా తెర మీద ఏ హీరోయిన్ భయపడినా, వినిపించే కేక ఆమెదే.

ఈ సినిమా వేరు. పాతకాలపు దెయ్యం సినిమాలను ప్రేమగా ఆటపట్టించే హాస్యచిత్రం. నలుపు తెలుపుల్లోనే తీశారు. పాడుబడ్డ బంగళాలో హీరోయిన్ బీరువా తెరుస్తుంది. లోపల దెయ్యం. ఆమె కేక పెడుతుంది. ఆ కేకకు దెయ్యమే దడుచుకుని, బీరువా తలుపు లోపల్నుంచి మూసేసుకుంటుంది.

సినిమా మొత్తానికి పెద్ద నవ్వు అక్కడే.

“నువ్వు నవ్వించాలని అరుస్తున్నావక్కా. నాకు పాత సినిమాల్లో కేక కావాలి.”

“పాత దెయ్యం సినిమాలు నేను చూళ్లేదు బాబూ. నాకు భయం.”

అందరూ నవ్వారు. తలుపు దగ్గర కుర్చీలో ఉన్న ముసలావిడ కూడా నవ్వింది.

పక్క గదిలో పాట రికార్డింగు జరుగుతోంది. అక్కడ వయొలిన్ వాయించే అమ్మాయికి ఆవిడ అత్తగారు. కోడలి పని అయ్యేదాకా ఇక్కడ కూర్చుంటానంటే సౌండ్ ఇంజనీరు సరేనన్నాడు.

“నేనొకసారి అరవనా?” అందావిడ, మంచినీళ్లు అడిగినంత మామూలుగా.

దర్శకుడు సరదాకి రమ్మన్నాడు.

ఆవిడ చెప్పులు విడిచి మైకు ముందు నిలబడింది. తెర మీద బీరువా తెరుచుకుంది. ఆవిడ వెంటనే అరవలేదు. ఊపిరి బిగబట్టింది.

ఆ తరవాత వచ్చింది కేక.

ముసలి గొంతని ఎవరూ అనుకోరు. దర్శకుడి చేతిలో టీ చొక్కా మీద ఒలికింది. తెర మీద దెయ్యం గబుక్కున తలుపు మూసుకుంది. గదిలో వాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు.

ఆ వెంటనే చప్పట్లు.

పదకొండేళ్లలో కేకలక్కకు ఆ గదిలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

“ఎలా చేశారమ్మా?” అన్నాడు దర్శకుడు.

“ఏముంది నాయనా. మనం నిజంగా భయపడాలి. నవ్వు సంగతి దెయ్యం చూసుకుంటుంది.”

ఇంజనీరు లేచి తన మెత్తటి కుర్చీ ఆవిడ కోసం జరిపాడు. ఆ కుర్చీలో కేకలక్కను ఏనాడూ కూర్చోమన్న పాపాన పోలేదు.

“నీ గొంతు బంగారం తల్లీ,” అంది ముసలావిడ ఆమెతో. “అరిచే ముందు కాస్త ఊపిరి ఆపుకో. చాలు.”

కేకలక్కకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది.

“రేపు కూడా రండమ్మా. మిగతా కేకలూ మీవే,” అన్నాడు దర్శకుడు.

“ఆవిడకు డబ్బింగ్ కళాకారుల సంఘం కార్డుందా?” అంది కేకలక్క.

నవ్వులు ఆగిపోయాయి.

“కార్డు లేని మనిషి గొంతు వాడితే ఊరుకోను. సంఘంలో చెప్తాను. నా కళ్లముందే చెరిపెయ్యండి.”

దర్శకుడు ఇబ్బందిగా ముసలావిడ వంక చూశాడు.

“కార్డు లేదు నాయనా.” ఆవిడ చెప్పులు వేసుకుంది. “కోప్పడకు తల్లీ. నీ పని నేనెందుకు లాక్కుంటాను?”

ఆవిడ బయటికి వెళ్లిపోయింది. ఇంజనీరు మీట నొక్కాడు. కేక చెరిగిపోయింది.

కేకలక్క చెవిలో మాత్రం చెరగలేదు.

సాయంత్రం ఇంటికెళ్లి స్నానాలగదిలో తలుపేసుకుని ఊపిరి బిగబట్టి అరిచింది. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది.

“ఏమైందన్నయ్యా? దొంగలా?”

“బల్లిని చూసిందమ్మా,” అన్నాడు కేకలక్క భర్త, అలవాటుగా.

మర్నాడు ఆమె మళ్లీ ఇరవైసార్లు అరిచింది. దర్శకుడు “సరే” అన్నాడు. “బాగుంది” అనలేదు.

నాలుగు నెలలకు సినిమా విడుదలైంది. మ్యాట్నీకి భర్తను వెంటబెట్టుకుని వెళ్లింది. బీరువా తెరుచుకుంది. కేక వినిపించింది. దెయ్యం తలుపు మూసుకుంది. హాలు నవ్వులతో ఊగిపోయింది.

“నీదే కదూ! అదరగొట్టావే!” అన్నాడు భర్త.

కేకలక్క బిగుసుకుపోయింది. అది తన కేక కాదు. ముసలావిడది. లక్ష కేకల్లో కలిపినా పోల్చుకుంటుంది. నాలుగు నెలలుగా ఆ కేకను తిట్టుకోకుండా ఆమెకు తెల్లవారిన రోజు లేదు.

మర్నాడు పొద్దున్నే స్టూడియోలో ఇంజనీరు మీద విరుచుకుపడింది.

“ఆ ముసలావిడ కేకే పెట్టారు! చెరిపినట్టు నా ముందు నాటకమాడారు!”

“నాటకమేంటక్కా? నువ్వు చూస్తుండగానే చెరిపానుగా. పాపం, ఆవిడ పోయి కూడా నెలవుతోంది. కోడలు చెప్పుకుని ఏడ్చింది.”

కేకలక్క గొంతు తగ్గింది.

“మరి ఆ కేకెవరిది? నాదైతే కాదు.”

ఇంజనీరు నసిగాడు.

“నీ కేక దర్శకుడికి నచ్చలేదక్కా. నొచ్చుకుంటావని చెప్పలేదు. యాభై ఏళ్ల నాటి దెయ్యం సినిమా ఒకటుంది. చిన్నప్పుడు ఆయన దాన్ని దుప్పటి కప్పుకుని చూసేవాడట. మన సినిమా తీసిందే దాని మీద ప్రేమతో. అందులో కేకనే అనుమతి తీసుకుని తెచ్చి పెట్టాం.”

“అందులో ఎవరరిచారు?”

“హీరోయినేనంటారు. కేకలకు తెర మీద పేరెవరు వేస్తారక్కా?”

కేకలక్క అడిగి మరీ ఆ పాత సినిమా ముక్క పెట్టించుకుంది. కళ్లు మూసుకుని విన్నది. మళ్లీ పెట్టమంది. మళ్లీ విన్నది.

యాభై ఏళ్ల కిందట ఆ కేక పెట్టింది, కార్డు లేదని తాను బయటికి పంపిన మనిషేనని ఆ స్టూడియోలో ఆమె ఒక్కదానికే తెలిసింది.