పక్కకి పరుగెత్తిన పీతాంబరం

ఆ చెరువులో కప్పలదే పెత్తనం. ఎవరు ఎంత ముందుకు దూకితే వాళ్ళంత గొప్పవాళ్ళని అవి తీర్మానించాయి. గట్టున కాపురముండే పీతాంబరం అనే పీతకి కూడా గొప్పవాణ్ణి అనిపించుకోవాలని బుద్ధి పుట్టింది.

పందెం రోజున ఊపిరి బిగబట్టి, ఎనిమిది కాళ్ళూ టకటకలాడిస్తూ పరుగెత్తాడు. తీరా చూస్తే పక్కనున్న తుంగపొదలో తేలాడు. కప్పల పెద్ద బుగ్గయ్య గరికపోచతో కొలిచి, “ముందుకి సున్నా!” అని అరిచాడు. కప్పలన్నీ పొట్టలు పట్టుకుని బెకబెకమని నవ్వాయి.

పీతాంబరానికి తల కొట్టేసినట్టయింది. వారం రోజులు పట్టుబట్టి ముందుకు నడవడం సాధన చేశాడు. చివరికి కాళ్ళన్నీ జడలా అల్లుకుపోయి, బోర్లా పడ్డాడు.

భార్య చుక్కమ్మ ఒక్కో కాలూ విడదీస్తూ విసుక్కుంది. “ఇంతకీ ముందుకెళ్ళి ఎక్కడికి పోదామనండీ?”

పీతాంబరం కళ్ళు పైకెత్తి చూశాడు. ముందు నడినీళ్ళలో ఆకలిగా ఒక కొంగ నిలబడి ఉంది. పక్కకి చూస్తే చల్లటి బురద, బురద నిండా నత్తలు, ఆ పైన తన ఇల్లు.

“ఓసి పిచ్చిదానా, నాకు కావలసినవన్నీ పక్కనే ఉన్నాయి కదుటే!”

మరుసటి పందెంలోనూ హుషారుగా పరుగెత్తాడు. బుగ్గయ్య మళ్ళీ కొలిచి, జాలిగా పెదవి విరిచాడు. “ఈసారీ సున్నాయే, పీతాంబరం.”

“హమ్మయ్య! ఒక్క అడుగూ వృథా పోలేదన్నమాట,” అంటూ పీతాంబరం పక్కపక్కగా భోజనానికి వెళ్ళిపోయాడు.